నేను నింపిన మూడు గళ్లు

పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు రోజున మాట్లాడమని ఐదుగురిని పిలిచారు. నలుగురు నా జ్ఞాపకశక్తిని పొగిడారు. ఐదో ఆమె మా సెక్షన్‌లో నా పక్క సీటులోనే చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. లేచి నిలబడి, "సార్ ఆరోగ్యంగా ఉండాలి" అని ఒక్క ముక్క అని కూర్చుంది. అందరూ ఆమెకు సభాకంపం అనుకున్నారు. కాదు. ఆమె ఎందుకు అంతకంటే మాట్లాడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏదో ఒక ఆఫీసు కిటికీ వెనక కూర్చుని పదిమందికి సలహాలు చెప్పే వయసులో ఉన్నవాళ్లు చదివితే మరీ మంచిది.

ముందు ఒక మాట. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే. తాతల కాలంలో పొలం, మా నాన్న కాలంలో సరుకుల వ్యాపారం, నా కాలంలో జీతం. తెలుగు అక్షరాలు మాత్రం యానాంకు బదిలీ మీద వెళ్లి మూడేళ్లున్నప్పుడు నేర్చుకున్నాను. కాబట్టి భాషలో తప్పులుంటే మన్నించండి. మిగతా తప్పులకు మన్నింపు అడగడం లేదు.

మా కాలేజీలో అడ్మిషన్లూ టైంటేబులూ రెండూ నా పనే. అప్పట్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటాక ఐదారేళ్లకు, అప్లికేషన్ ఫారం కాగితం మీదే ఉండేది. దాంట్లో కోర్సు రాయడానికి మూడు గళ్లు. ఏ కోర్సు ముందు కావాలో, అది రాకపోతే ఏదో, అదీ రాకపోతే ఏదో వరసగా రాయాలి. రాయని కోర్సు ఎన్ని మార్కులున్నా ఇవ్వరు. పన్నెండో తరగతి మార్కులను రెండు వందలకు లెక్కగట్టి, ఎక్కువ ఉన్నవాళ్ల నుంచి కిందికి దిగుతూ సీట్లు ఇస్తారు. సీట్లు ఎక్కడ అయిపోతే అక్కడి మార్కు ఆ ఏటి కట్‌ఆఫ్.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. నేను గమనించనిది. కట్‌ఆఫ్ అనేది ఎవరో పెద్దవాళ్లు కూర్చుని నిర్ణయించిన అర్హత కాదు. నిరుడు చివరగా లోపలికి వచ్చిన ఒక పిల్లవాడి మార్కు, అంతే. వాడి వెనక నిలబడ్డవాళ్లు ఎందరు, అసలు వరసలోకే రాకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరు అనేది ఆ అంకెలో కనిపించదు.

నాకు ఆ అంకెలన్నీ నోటికి వచ్చేవి. ఏ కోర్సుకు, ఏ రిజర్వేషన్ వర్గానికి, ఏ ఏడాది ఎంత దగ్గర ఆగిందో ఎనిమిదేళ్ల లెక్క చూడకుండా చెప్పేవాణ్ని. గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చినవాళ్లతో, "రెండో కిటికీలో కట్‌ఆఫ్ సార్ ఉంటారు. ఆయన వస్తుందంటే వచ్చినట్టే, రాదంటే ఇంటికి పోయి అన్నం తినండి" అనేవాడు. మే నెలలో నా కిటికీ ముందు వరస కాంపౌండ్ గోడ దాకా ఉండేది. పక్క కిటికీ ఖాళీ. నేను మార్కుల కాగితం ఒకసారి చూసి, "ఇది రాదు, ఇది రాయి" అని చెప్పి, వాళ్లకు ఇంగ్లీషు భయమైతే ఫారం నేనే నింపేసేవాణ్ని. రాని కోర్సు రాస్తే ఒక గడి దండగ కదా. నేను వాళ్ల గడి కాపాడుతున్నాననుకునేవాణ్ని. థాంక్స్ చెప్పి వెళ్లేవాళ్లు. మధ్యాహ్నానికి ఆ థాంక్స్‌తోనే కడుపు నిండేది.

నేను చెప్పబోయే ఏడాది ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. ఆవిడ ఫ్రెంచ్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన మనిషి. రిటైర్‌మెంటుకు ఏడాదో ఏడాదిన్నరో ఉంది. కెమిస్ట్రీకి ఇంకో ఇరవై నాలుగు సీట్లు పెంచమని ఏటా జనం అడుగుతున్నారనీ, లెక్చరర్లు సరిపోతారనీ, ల్యాబ్ ఖాళీ లేదని కెమిస్ట్రీ హెడ్ అంటున్నారనీ చెప్పారు. "నిజంగా లేదా, టైంటేబుల్‌లో లేదా? మీరు చూడండి" అన్నారు.

టైంటేబుల్ వేయడానికి నాకొక పద్ధతి ఉండేది. పాత పెళ్లి పత్రికల అట్టలు సమంగా కత్తిరించి ఒక్కో క్లాసుకు ఒక్కో ముక్క చేసుకునేవాణ్ని. సైన్సుకు ఎర్ర పత్రికలు, ఆర్ట్స్‌కు పసుపువి. పెద్ద చార్టు మీద గళ్లు గీసి ముక్కలు జరుపుతూ కూర్చునేవాణ్ని. ల్యాబ్ క్లాసుకు మూడు గంటలు వరసగా కావాలి. పొద్దున పదిన్నరకు మొదటి సంవత్సరం వాళ్లందరికీ భాష క్లాసు. తమిళం వాళ్లు ఒక గదికి, ఫ్రెంచ్ వాళ్లు ఒక గదికి, హిందీ వాళ్లు ఒక గదికి అన్ని కోర్సుల నుంచీ ఒకేసారి వెళ్లాలి కాబట్టి ఆ గంట కదలదు. పొద్దునపూట మధ్యలో అది మేకులా దిగి ఉండేది. అందుకే ల్యాబ్ పొద్దున ఖాళీగా ఉండి మధ్యాహ్నం కిక్కిరిసేది.

మూడు రోజులు ముక్కలు జరిపి ఆ మేకు పీకేశాను. భాష క్లాసును సాయంత్రం చివరి గంటకు తోసేస్తే నాలుగు పొద్దుటి పూటలు ల్యాబ్‌కు మూడు గంటలు వరసగా దొరుకుతాయి. రెండో బ్యాచ్ పడుతుంది. ఆర్ట్స్ పిల్లలకు మధ్యాహ్నం వారానికి రెండు రోజులు రెండేసి గంటలు ఖాళీ వస్తుంది. దానికేముంది అనుకున్నాను.

ప్రిన్సిపాల్ చార్టు చూసి నవ్వారు. "మా ఫ్రెంచ్ వాళ్లంతా చివరి గంటకు దిగాలా? నన్ను బతకనిస్తారా?" అన్నారు. అంటూనే సంతకం పెట్టారు. నేనే ప్రపోజల్ టైపు చేయించి డైరెక్టరేట్‌కు పంపాను. అది ఆ వారమే మరిచిపోయాను. నా సర్వీసులో పంపిన ప్రపోజళ్లలో ఆర్డరై తిరిగొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మే నెల మధ్యలో ఒక అమ్మాయి వచ్చింది. అరియాంకుప్పం వైపు నుంచి, ఒక ముసలావిడతో. కూరగాయల సాగు చేసే కుటుంబం. నేను అప్పుడే మా ఇంటికి ఫోన్‌లో ఏదో మాట్లాడి పెట్టేశాను. ముసలావిడ కిటికీ ఊచలు పట్టుకుని మొహమంతా లోపలికి పెట్టింది.

"ఏంది నాయనా, మనోళ్లేనా నువ్వు? తెలుగు మాట్లాడతా ఉండావే!"

అవునన్నాను.

"వింటివే?" అని మనవరాలి వైపు తిరిగింది. "మనోడే. నీకు మామ అయితాడు. ఇంక భయం ల్యా. ఆ కాయితం ఇయ్యి మామకు."

అమ్మాయి సిగ్గుపడుతూ కాయితం ఇచ్చింది. ఫారం ఇంట్లోనే కొంత నింపుకొచ్చింది, పెన్సిల్‌తో. మొదటి గడిలో ఇంగ్లీషులో కెమిస్ట్రీ అని ఉంది. రెండూ మూడూ ఖాళీ.

"కెమిస్ట్రీయేనా?" అన్నాను.

"అవును మామా. మా స్కూల్లో కెమిస్ట్రీ టీచరు నడిమిట్ల ట్రాన్స్‌ఫర్ అయి పోయినారు. ల్యాబ్ తాళం నాకాడ ఇచ్చినారు. ప్రాక్టికల్లో ఇచ్చింది ఏ ఉప్పో కనిపెట్టేది నేనే అందరికీ చేసి చూపిస్తిని. నాకు బాగా వస్తాది."

"ఉప్పు కనిపెట్టేదానికి కాలేజీ ఏందికే?" అంది ముసలావిడ. "నాలిక మీద ఏసుకుంటే తెలిసిపోతాది."

"ఆ ఉప్పు నాలిక మీద ఏసుకుంటే నువ్వే పోతావు అవ్వా."

వరసలో వెనకున్న తమిళం వాళ్లకు అర్థం కాకపోయినా వాళ్లిద్దరి మొహాలు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. లెక్కవేశాను. రెండు వందలకు నూట యాభై రెండు. నిరుడు ఆ వర్గానికి కెమిస్ట్రీ నూట అరవై మూడు దగ్గర ఆగింది. అంతకు ముందేడు నూట అరవై ఒకటి. రాదు.

"రాదమ్మా. పదకొండు మార్కులు తక్కువ" అన్నాను.

"రాసి చూస్తే?"

"రాస్తే ఒక గడి పోతుంది. నీ మార్కుకు సైన్సులో ఏదీ రాదు. హిస్టరీ వస్తుంది, ఎకనామిక్స్ వస్తుంది, తమిళం వస్తుంది. మూడూ నింపేస్తా."

అమ్మాయీ ఊచలు పట్టుకుంది. "మొదటి గడి ఒక్కటి ఉండనీయండి మామా. కిందివి మీరు చెప్పినట్టే రాసుకుంటా."

ఇప్పుడు ఆలోచిస్తే ఎంత సరైన మాట అది. మూడు గళ్లు ఉన్నది దానికే కదా. కానీ హిస్టరీ మొదటి గడిలో రాసినవాళ్లకు ఇచ్చాకే రెండో గడి వాళ్లకు ఇచ్చే ఆచారం మా కాలేజీలో ఉండేది. కెమిస్ట్రీ రాసి అది రాకపోతే హిస్టరీ కూడా పోవచ్చు. అదే చెప్పాను. అబద్ధం చెప్పలేదు. భయం చెప్పాను.

నా పక్క సీటు ఆమె మా మాటల్లో కెమిస్ట్రీ అన్న ముక్కా, హిస్టరీ అన్న ముక్కా పట్టుకున్నట్టుంది. అప్పటికి జూనియర్, చేరి రెండేళ్లు. నా వైపు వంగి తమిళంలో మెల్లగా అంది. "సార్, రెండో బ్యాచ్‌కు ఆర్డర్ వస్తే కెమిస్ట్రీ కట్‌ఆఫ్ దిగుతుంది కదా?"

ఎర్ర ముక్కలూ పసుపు ముక్కలూ ఉన్న చార్టు అప్పుడు నా బల్ల మీదే ఉంది. దాని మీదే మోచెయ్యి ఆనించి ఫారం నింపుతున్నాను. "ఆర్డర్ వచ్చినప్పుడు చూద్దాం. నువ్వు నీ వరస చూసుకో" అన్నాను. ఆమె కిటికీ ముందు వరస లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె తల తిప్పుకుంది.

రబ్బరు తీసుకుని పెన్సిల్ అక్షరాలు చెరిపాను. ఇంకుతో, పెద్ద అక్షరాలతో హిస్టరీ అని రాశాను. కింద మిగతా రెండూ రాశాను. అమ్మాయి సంతకం పెట్టింది. ముసలావిడ ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి తట్టింది. "నీ కడుపు సల్లగుండ. మనోడు ఉండబట్టి సరిపోయింది" అంది.

ఫారాల గడువు ముగిసిన రెండు వారాలకు ఆర్డర్ వచ్చింది. కెమిస్ట్రీకి రెండో బ్యాచ్, ఈ సంవత్సరం నుంచే. ప్రిన్సిపాల్ స్వీట్లు తెప్పించారు. కెమిస్ట్రీ హెడ్ నా చెయ్యి పట్టుకుని ఊపారు. జూనియర్ ఆమె స్వీటు తీసుకోకుండా నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. ఆ రోజే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, "మేడమ్, సీట్లు పెరిగాయి కాబట్టి గళ్లు మార్చుకోవడానికి ఒక వారం గడువు ఇద్దాం" అంటే సరిపోయేది. అంటే మళ్లీ ఆ ఫారాలన్నీ విప్పాలి. నేను రాదన్నది వస్తుందని వందమంది ముందు నేనే చెప్పాలి. అనలేదు.

జూలైలో జాబితా బోర్డు మీద పెట్టాం. కెమిస్ట్రీ ఆ వర్గానికి నూట ముప్పై తొమ్మిది దాకా దిగింది.

వారం తర్వాత అడ్మిషన్ల ఆఖరి రోజు. కెమిస్ట్రీలో చేరిన ఒకరికి వేరేచోట సీటు వచ్చి వెళ్లిపోయారు. ఒక సీటు ఖాళీ. మూడు గంటలకు కమిటీ కూర్చుని దాన్ని నింపాలి. పదకొండున్నరకు అవ్వా మనవరాలూ వచ్చారు. హిస్టరీ సీటు కాగితం అమ్మాయి చేతిలో ఉంది. కిటికీ దగ్గరికి కాకుండా నేరుగా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మామా, బోర్డు చూసినాను. నాకంటే పదమూడు తక్కువ వాళ్లకు ఇచ్చి ఉండారు."

"సీట్లు పెరిగాయమ్మా. అప్పుడు తెలియదు."

"ఇప్పుడు తెలిసింది గదా. నాకియ్యండి."

"నువ్వు ఫారంలో కెమిస్ట్రీ రాయలేదు. రాయనిది ఇవ్వకూడదు. రూలు."

"నేను రాస్తిని. మీరే గదా మామా చెరిపింది?"

నేను గొంతు పెంచాను. "సంతకం ఎవరు పెట్టారు? చదువుకున్నదానివి, చూసుకోకుండా పెట్టావా?"

"మామతో అట్లేనా మాట్లాడేది?" అని ముసలావిడ మనవరాలి భుజం మీద ఒకటేసింది. నా వైపు తిరిగి, "చిన్నది నాయనా, మనసులో పెట్టుకోవద్దు. నువ్వు తలుసుకుంటే అయితాది" అంది.

జూనియర్ ఆమె లేచింది. ఫారాల కట్టలోంచి ఆ ఫారం వెతికి తీసింది. వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. ఐదు నిమిషాల్లో అటెండర్ వచ్చి, "మేడమ్ రమ్మంటున్నారు" అన్నాడు.

ప్రిన్సిపాల్ ఫారం చేతిలో పట్టుకుని ఉన్నారు. ఇంగ్లీషులో అడిగారు. "ఈ చేతిరాత ఎవరిది?"

"నాది మేడమ్. అడిగినవాళ్లకు నింపి ఇస్తుంటాం."

"ఈ అమ్మాయి కెమిస్ట్రీ కావాలంటే మీరు వద్దన్నారట. నిజమైతే ఒక్క వాక్యం రాసివ్వండి. ఆఫీసు తప్పుడు సలహా వల్ల అభ్యర్థి నష్టపోయిందని. మూడు గంటలకు కమిటీ ముందు పెడతాను. సీటు ఖాళీగా ఉంది, మార్కు ఉంది. ఒప్పుకుంటారు. ఒప్పిస్తాను."

ఇంతకంటే తేలికగా ఎవరైనా ఏం అడుగుతారు? ఒక్క వాక్యం. ఆవిడ తెల్లకాగితం కూడా నా ముందుకు జరిపారు.

నేను ఇంగ్లీషులోనే జవాబు చెప్పాను. అమ్మాయికీ అవ్వకూ అర్థం కాకూడదనే. "మేడమ్, రోజుకు రెండు వందల మంది వస్తారు. అభ్యర్థి చెప్పిందే నేను రాస్తాను. ఈ అమ్మాయి ఏం అడిగిందో నాకు గుర్తు లేదు."

ప్రిన్సిపాల్ లేచి ఫారాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశారు. "మొదటి గడిలో ఏదో చెరిపినట్టుంది."

"పిల్లలు మనసు మార్చుకుంటుంటారు మేడమ్."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఆవిడ అమ్మాయిని తమిళంలో అడిగారు. "చెప్పమ్మా, ఏం జరిగింది?"

"కెమిస్ట్రీ రాసుకొచ్చాను. రాదని చెరిపేశారు" అంది అమ్మాయి, నా వైపు చూడకుండా.

ముసలావిడకు నేను ఇంగ్లీషులో చెప్పింది తెలియదు. మనవరాలు నా మీద చాడీ చెబుతోందని మాత్రం తెలిసింది. ముందుకొచ్చి ప్రిన్సిపాల్‌కు చేతులు జోడించి తమిళంలో అంది. "దీని మాట పట్టించుకోవద్దమ్మా. ఆ సార్ నమ్మ ఆళు. మా మనిషి. మాకు చెడుపు చెయ్యడు. ఆయన ఏం చెబితే అదే నిజం."

ప్రిన్సిపాల్ ఫారం బల్ల మీద పెట్టారు. నేను బల్ల మీది తెల్లకాగితం వైపు చూశాను. "కాగితం లేకుండా కమిటీ ముందు నేనేం పెట్టేది?" అన్నారు చివరికి, ఎవరితోనో తెలియకుండా. మూడు గంటలకు ఆ సీటు జాబితాలో తరవాతి వాళ్లకు పోయింది. నూట ముప్పై ఎనిమిది.

ఎందుకు రాసివ్వలేదని మీరు అడుగుతారు. అప్పుడు నా సూపరింటెండెంట్ ప్రమోషన్ ఫైలు డైరెక్టరేట్‌లో ఉంది. తప్పు ఒప్పుకున్న కాగితం సర్వీసు రికార్డులో పడితే ఆగిపోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ కారణం వింటే మా స్నేహితులు తల ఊపుతారు, కుటుంబం ఉన్నవాడు కదా అంటారు. కానీ అసలు కారణం అది కాదు. మరుసటి మే నెలలో నా కిటికీ ముందు వరస ఉండదేమోనని భయపడ్డాను. అంతే. ఒక పిల్ల చదువుకు ఎదురుగా నేను పెట్టుకున్నది అది.

జూనియర్ ఆమె పది రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. పదకొండో రోజు ఎవరో ఏదో పాత కట్‌ఆఫ్ అడిగితే నేను టక్కున చెప్పాను. ఆమె కాగితాల మీంచి తల ఎత్తకుండా అంది. "మా సార్‌కు ఎనిమిదేళ్ల మార్కులు గుర్తుంటాయి. ఎనిమిది వారాల కిందటి అమ్మాయే గుర్తుండదు."

సెక్షన్ అంతా విన్నది.

అమ్మాయి హిస్టరీలో చేరింది. హిస్టరీలో తక్కువేమీ లేదు. తక్కువ అనుకుని నేను ఇది రాయడం లేదు. ఆమె అడిగింది అది కాదు. నేను వేసిన కొత్త టైంటేబుల్ ప్రకారం వారానికి రెండు మధ్యాహ్నాలు హిస్టరీ వాళ్లకు రెండేసి గంటలు ఖాళీ. చివరి గంట భాష క్లాసు కోసం ఆగాలి కాబట్టి ఇంటికి పోలేరు. కెమిస్ట్రీ ల్యాబ్ ఎదుటి వరండాలో నీడ ఉంటుంది. అక్కడ కూర్చునేది. ల్యాబ్ కిటికీల్లోంచి వాసన వస్తుంటే తక్కిన పిల్లలు ముక్కు మూసుకుని దూరంగా పోయేవాళ్లు. ఆమె పోయేది కాదు.

ఆగస్టు చివర నా ప్రమోషన్ ఆర్డర్ వచ్చింది. దాంతో ధైర్యమూ వచ్చింది. ఇలాంటి ధైర్యం ఎందుకు పనికొస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఒక మధ్యాహ్నం వరండాలోకి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. తెలుగులోనే అన్నాను.

"తప్పు నాదేనమ్మా."

ఆమె లేచి నిలబడింది. తమిళంలో జవాబు చెప్పింది. "తెలుసు సార్."

"వచ్చే ఏడు మళ్లీ అప్లై చెయ్యి. మొదటి గడిలో కెమిస్ట్రీ రాయి. నేను దగ్గరుండి..."

"మీరు ప్రిన్సిపాల్ గదిలో ఇంగ్లీషులో చెప్పింది నాకు అర్థమైంది సార్. అవ్వకు చెప్పలేదు. అవ్వ ఇంకా మిమ్మల్ని మంచోడనే అనుకుంటోంది. అనుకోనివ్వండి. ఆమెకు ఈ ఊర్లో ఆఫీసుల్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు."

నేను ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ఇప్పుడు రాసిస్తానన్నాను. ఆవిడ ఏదో ఫ్రెంచ్ పేపర్లు దిద్దుతున్నారు. కళ్లజోడు తీసి, "ఆ రోజు కాగితం నా దగ్గర లేక అమ్మాయికి సీటు ఇవ్వలేకపోయాను. ఈ రోజు సీటు లేక మీ కాగితం తీసుకోలేను" అన్నారు. మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు.

మరుసటి మే నెలలో ఆ అమ్మాయి మళ్లీ అప్లై చేసింది. నా కిటికీలో కాదు, పక్క కిటికీలో. ఆ ఫారం నేను తర్వాత కట్టలో చూశాను. ఈసారి పెన్సిల్ లేదు. ఇంకుతో, తన చేతిరాతతో మొదటి గడిలో కెమిస్ట్రీ. రెండో గడీ మూడో గడీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. కానీ ఆ ఏడు కెమిస్ట్రీకి రెండు బ్యాచులని ఊరంతా తెలుసు. దూరంగా ఉండిపోయినవాళ్లంతా వరసలోకి వచ్చారు. కట్‌ఆఫ్ నూట యాభై ఏడు దగ్గర ఆగింది. ఆమెకు ఐదు మార్కులు తక్కువ. తలుపు ఒక్క ఏడాది తెరుచుకుంది. ఆ ఏడాదే నేను ఆమెను గుమ్మంలోంచి తిప్పి పంపాను.

హిస్టరీ పూర్తి చేసింది. టీసీ తీసుకోవడానికి వచ్చే రోజులు నాకు ముందే తెలుసు, నోటీసు మీద సంతకం నాదే. ఆ రెండు రోజులూ సెలవు పెట్టాను. తర్వాత ఏమైందో తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అరియాంకుప్పం బస్సు ఎక్కితే పావుగంట. ఎక్కలేదు.

పాత అడ్మిషన్ ఫారాలు కొన్నేళ్లు దాచి తర్వాత ధ్వంసం చేయాలని రూలు. సూపరింటెండెంట్‌గా ఆ జాబితా మీద సంతకం పెట్టాల్సింది నేనే. ఆ ఏటి కట్ట వంతు వచ్చినప్పుడు రికార్డు గదిలో కూర్చుని విప్పాను. ఆ వర్గం ఫారాలు ఒక్కొక్కటే తిప్పాను. నూట ముప్పై తొమ్మిది కంటే ఎక్కువ మార్కులు ఉండి, మూడు గళ్లూ నా చేతిరాతలో ఉండి, ఏ గడిలోనూ కెమిస్ట్రీ లేనివి పక్కన పెట్టాను. ఆ అమ్మాయిదీ కలిపి పదకొండు తేలాయి. కొన్నింట్లో మొదటి గడి దగ్గర కాగితం కాస్త పలచబడి ఉంది, రబ్బరు పెట్టిన చోట.

అప్పుడొక ఆశ పుట్టింది, నీచమైన ఆశే. ఆ ఏడు కట్‌ఆఫ్ అంత దిగింది నేను ఇంతమందిని ఆపడం వల్లే కదా. ఈ పదకొండు మందీ కెమిస్ట్రీ రాసి ఉంటే కట్‌ఆఫ్ పైకి వెళ్లేది. అంత పైకి వెళ్తే ఆ అమ్మాయికి ఎలాగూ వచ్చేది కాదు. అప్పుడు నేను ఆమెకు చేసిన నష్టం లేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. పదకొండు మందినీ మార్కుల వరసలో కలిపాను. సీట్లు అయిపోయేదాకా కిందికి దిగాను. రెండుసార్లు వేశాను.

నూట నలభై ఎనిమిది దగ్గర ఆగింది. ఆమెవి నూట యాభై రెండు.

పదకొండు మందిలో ఏడుగురికి కెమిస్ట్రీ వచ్చేది. ఆమె ఒక్కతే వచ్చి అడిగింది. మిగిలిన ఆరుగురూ నా మాట నిజమని నమ్మి, నాకు థాంక్స్ చెప్పి వెళ్లినవాళ్లు.